పన్ను సందేహాలు: భార్యకు దక్కే వైకల్య మినహాయింపు భర్త వాడుకోవచ్చా?

వైకల్యం ఉన్నవారికి ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపును భార్యాభర్తల్లో ఎవరు వాడుకోవాలి, ఎలా వాడుకోవాలి అంటూ వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట ఇస్తున్నాం. రూపాయల లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2026లో వేసే రిటర్నుకు పనికొచ్చేవి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా ఈ రిటర్ను 1961 చట్టం కిందే వేయాలి. అందుకే సెక్షన్ల నంబర్లు పాతవే రాశాం.

ప్రశ్న: నా భార్యకు పోలియో వల్ల 65 శాతం వైకల్యం. సదరం సర్టిఫికెట్ ఉంది. ఇంట్లో ట్యూషన్లు చెప్పి ఏడాదికి 1,20,000 దాకా సంపాదిస్తుంది. ఆ ఆదాయానికి పన్నే లేదు కాబట్టి ఆమెకు వచ్చే 75,000 మినహాయింపు వృథా అవుతోంది. నా జీతం 11,40,000. ఆ మినహాయింపును నా పేరుకు బదిలీ చేయించుకోవాలంటే ఏ ఫారం నింపాలి? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అలాంటి ఫారం లేదండీ. మన చట్టంలో ఒకరు వాడుకోగా మిగిలిన మినహాయింపును ఇంకొకరికి బదలాయించే పద్ధతే లేదు. ఉన్నవి రెండు వేర్వేరు సెక్షన్లు. వైకల్యం ఉన్న వ్యక్తి తన ఆదాయం మీద తానే తీసుకునేది 80యూ. వైకల్యం ఉన్న మనిషిని పోషిస్తున్న వ్యక్తి తన ఆదాయం మీద తీసుకునేది 80డీడీ. రెండింటిలోనూ మొత్తం ఒకటే: వైకల్యం 40 శాతం నుంచి 80 శాతం లోపు ఉంటే 75,000, 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000. ఒకే మనిషి వైకల్యం మీద ఒకే ఏడాదిలో రెండూ కుదరవు. ఆమె రిటర్ను వేసి అందులో 80యూ చూపించారా, ఆ ఏడాదికి మీకు 80డీడీ పోయినట్టే. ఆమె 20,000 మేరకే వాడుకున్నారు, మిగతా 55,000 నాకివ్వండి అంటే కుదరదు.

కాబట్టి మీరు అడగాల్సింది బదిలీ గురించి కాదు, మీరు 80డీడీకి అర్హులా అని. అందుకు మూడు సంగతులు చూస్తారు. ఆమె పోషణకు పూర్తిగానో ప్రధానంగానో మీ మీద ఆధారపడి ఉండాలి. ఆమె 80యూ తీసుకుని ఉండకూడదు. వైద్యం, నర్సింగ్, శిక్షణ, పునరావాసం, వీటిలో దేనికైనా ఆ ఏడాది మీరు ఖర్చు పెట్టి ఉండాలి (లేదా ఇందుకోసమే ఉన్న బీమా పథకంలో డబ్బు కట్టి ఉండాలి). ‘ప్రధానంగా’ అంటే ఆమె సంపాదన ఎంత దాటకూడదు అన్న అంకె చట్టంలో లేదు. ఇంటి అద్దె, తిండి, మందులు అన్నీ మీ జీతంలోంచి నడుస్తూ ఆమె నెలకు పదివేలు సంపాదిస్తున్నంత మాత్రాన ఆధారపడిన మనిషి కాదని అనలేరు. మీరు అర్హులే.

అర్హత ఉంది సరే, లాభం ఉందా? పన్ను లెక్కకు రెండు విధానాలున్నాయి: మినహాయింపులు ఎక్కువగా దొరికే పాతది, రేట్లు తక్కువగా ఉండి మినహాయింపులు పెద్దగా లేని కొత్తది. 80డీడీ పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. మీ జీతానికి కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 10,65,000. పన్ను వేయాల్సిన ఆదాయం 12 లక్షల లోపు ఉంది కాబట్టి 87ఏ రిబేటు (ఆదాయం పరిమితి లోపు ఉన్నవారికి ఇచ్చే పన్ను తగ్గింపు) పోను మీరు కట్టాల్సింది సున్నా. అదే పాత విధానంలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్, 80సీ (పీఎఫ్, జీవిత బీమా లాంటి పొదుపులు) కింద పూర్తి 1,50,000, 80డీడీ 75,000 అన్నీ తీసేసినా 8,65,000 మిగులుతుంది. దాని మీద సెస్సుతో కలిపి పన్ను 88,920. మినహాయింపు వాడుకోవాలన్న పట్టుదలతో పాత విధానం ఎంచుకుంటే దాదాపు 89 వేలు చేతులారా కట్టినట్టు. జీతం తప్ప వేరే ఆదాయం లేనివారికి, ఆ జీతం 12,75,000 దాటనంత వరకు, 80డీడీ గురించి ఆలోచించాల్సిన పనే లేదు. ఆ 75,000 వృథా పోనివ్వండి.

ప్రశ్న: నా జీతం 18,75,000. భార్యకు వెన్నెముక గాయం వల్ల 85 శాతం వైకల్యం, ఆదాయం ఏమీ లేదు. ఇంటికి నర్సు వస్తుంది, ఫిజియోథెరపీ నడుస్తోంది. ఇంటి రుణం వడ్డీ ఏడాదికి 2 లక్షలు కడుతున్నాను. ఆ ఇల్లు సొంత ఊళ్లో ఉంది, మేం హైదరాబాద్‌లో అద్దెకుంటున్నాం. కొత్త విధానమే అందరికీ మంచిదని ఆఫీసులో అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ విషయంలో కాదు. వేసి చూద్దాం.

కొత్త విధానంలో 75,000 పోగా 18,00,000. పన్ను 1,60,000, దానిపై 4 శాతం సెస్సుతో 1,66,400. ఇక్కడ ఇంకేమీ తగ్గదు.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ 1,50,000, ఇంటి రుణం వడ్డీ 2,00,000, ఆరోగ్య బీమా ప్రీమియానికి 80డీ కింద 25,000, పింఛను పథకం ఎన్‌పీఎస్‌లో అదనంగా కట్టే 50,000, ఇంటద్దె అలవెన్సులో మినహాయింపు 2,40,000 అనుకుందాం. ఇవన్నీ తీసేస్తే 11,60,000 మిగులుతుంది. దాని మీద సెస్సుతో పన్ను 1,66,920. అంటే 80డీడీ లేకపోతే రెండు విధానాలూ సమానమే, పాతది 520 రూపాయలు ఎక్కువ కూడా. ఇప్పుడు తీవ్ర వైకల్యం కింద 1,25,000 తీసేయండి. ఆదాయం 10,35,000, పన్ను 1,27,920. కొత్త విధానం కంటే 38,480 తక్కువ. మీకు తక్కెడ పాత విధానం వైపు మొగ్గించింది 80డీడీ ఒక్కటే.

పైన మేం ఊహించి వేసిన అంకెల్లో ఎన్‌పీఎస్ మీకు లేకపోతే లాభం తగ్గుతుంది, ఇంటద్దె మినహాయింపు లేకపోతే జవాబే తిరగబడుతుంది. అద్దె మినహాయింపు ఒక్కటీ తీసేస్తే చాలు, 80డీడీ ఉన్నా సరే పాత పన్ను 2,02,800 అవుతుంది. కాబట్టి మీ అంకెలు మీరు వేసుకోవాలి. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ రెండు లెక్కలూ పక్కపక్కన చూపిస్తుంది.

ఖర్చు గురించి చాలామందికి ఒక అపోహ. 1,25,000 మినహాయింపు రావాలంటే అంత ఖర్చు బిల్లులు చూపించాలనుకుంటారు. అక్కర్లేదు. మీరు ఏడాదిలో 30,000 ఖర్చు పెట్టినా 5 లక్షలు పెట్టినా మినహాయింపు అదే. అయితే ఎంతో కొంత ఖర్చు జరిగి ఉండాలి. చట్టంలో ఆ షరతు ఉంది. నర్సుకు జీతం చేతికివ్వకుండా బ్యాంకు ద్వారా పంపండి, ఫిజియోథెరపీ రసీదులు కొన్ని దాచుకోండి. రిటర్నుతో ఏదీ జత చేయనక్కర్లేదు, అడిగినప్పుడు చూపించగలిగితే చాలు.

ఇక పని ఏ వరసలో జరగాలో చూడండి. ఏడాది మొదట్లోనే పాత విధానం ఎంచుకుంటున్నట్టు ఆఫీసుకు రాసివ్వాలి. రాసివ్వకపోతే కొత్త విధానం ప్రకారమే టీడీఎస్ (జీతంలోంచి ముందే తీసుకునే పన్ను) కోస్తారు. కోసినంత మాత్రాన అవకాశం పోదు. జీతగాళ్లు రిటర్ను వేసేటప్పుడు పాత విధానం ఎంచుకుని రీఫండు తెచ్చుకోవచ్చు. కానీ రిటర్ను గడువులోపే పడాలి. గడువు దాటి వేసే రిటర్నులో పాత విధానం ఎంచుకునే వీలుండదు. ఒక్కరోజు ఆలస్యమైనా మీ 38 వేలు పోతాయి, పైగా ఆలస్య రుసుము. వ్యాపారమో ప్రాక్టీసో ఉన్నవారైతే గడువులోగా ఫారం 10-ఐఈఏ కూడా విడిగా వేయాలి.

రిటర్నులో 80డీడీ గడిలో అంకె వేసి వదిలేసే రోజులు పోయాయి. ఇప్పుడు దానికి విడిగా ఒక షెడ్యూలు ఉంది. వైకల్యమా తీవ్ర వైకల్యమా, అది ఏ రకం, ఆధారపడిన వ్యక్తి మీకేమవుతారు, ఆమె పాన్, ఆధార్, యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) నంబరు, అన్నీ అడుగుతుంది. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. భార్య వైకల్యానికి మినహాయింపును భర్త తన రిటర్నులో 80యూ దగ్గర వేయడం మొదటిది. 80యూ అంటే రిటర్ను వేసే మనిషికే వైకల్యం ఉన్నట్టు. 75 శాతం సర్టిఫికెట్ పెట్టుకుని ‘తీవ్ర’ అని ఎంచుకోవడం రెండోది. మాటల్లో తీవ్రమే కావచ్చు గానీ చట్టానికి 80 శాతమే గీత. ఇది పొరపాటు కాదు, లేనిది ఉన్నట్టు చూపించడం అని అధికారి తేల్చితే ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం జరిమానా పడుతుంది.

ప్రశ్న: నేను, మావారు ఇద్దరం ప్రభుత్వ టీచర్లం. నాకు చూపు సమస్య, 50 శాతం వైకల్యం. నా జీతం 9 లక్షలు, ఆయనది 14 లక్షలు. నాకు ఎలాగూ పన్ను పడటం లేదు కాబట్టి ఈ మినహాయింపు ఆయన 80డీడీలో వేసుకుంటానంటున్నారు. వేసుకోవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: వేసుకోకూడదమ్మా. తొమ్మిది లక్షల జీతం తెచ్చుకునే మీరు పోషణకు ప్రధానంగా ఆయన మీద ఆధారపడ్డారని ఎవరూ ఒప్పుకోరు. ఆయన రిటర్నులో మీ పాన్ నంబరు ఇవ్వాలి, ఆ పాన్ మీద మీ జీతం మొత్తం శాఖ కంప్యూటర్‌లో కనిపిస్తూనే ఉంటుంది. మీకు 80యూ హక్కుగా ఉంది, కానీ కొత్త విధానంలో సున్నా పన్ను కాబట్టి దాని అవసరమే లేదు.

దీనికి బదులు మీరు చూసుకోవాల్సింది వేరే ఒకటుంది, చాలామంది వదిలేస్తున్నారు. చూపు లేనివారికి, మూగ, చెవిటి వారికి, కాళ్లు చేతుల వైకల్యం ఉన్న ఉద్యోగులకు ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లిరావడానికి యజమాని ఇచ్చే రవాణా అలవెన్సులో నెలకు 3,200 వరకు, అంటే ఏడాదికి 38,400 మీద పన్ను లేదు. ఇది కొత్త విధానంలో కూడా వర్తిస్తుంది. జీతం స్లిప్పులో అలవెన్సుగా విడిగా వస్తేనే లెక్క. మీకు ఈ ఏడాది దీని వల్ల తేడా రాకపోయినా, జీతం 13 లక్షల చుట్టుపక్కల ఉండి రిబేటు గీతకు కాస్త పైన ఆగిపోయేవారికి ఇదే వేల రూపాయలు మిగులుస్తుంది. ఫారం 16లో అది పన్ను లేని అలవెన్సుగా వచ్చిందో లేదో మీ జీతం బిల్లు పెట్టే అధికారిని (డీడీఓ) అడిగి చూసుకోండి.

ప్రశ్న: మా ఆవిడ సదరం సర్టిఫికెట్ తాత్కాలికం, 2025 ఆగస్టుతో గడువు అయిపోయింది. మళ్లీ శిబిరం స్లాటు దొరకలేదు. ఈ ఏడాది 80డీడీ వేయొచ్చా? ఫారం 10-ఐఏ అని ఒకటి ఉందంటున్నారు, అది అందరికీ తప్పనిసరా? (అనంతపురం)

జవాబు: ఈ ఏడాదికి వేయొచ్చు. సర్టిఫికెట్ గడువు ఏ ఆర్థిక సంవత్సరంలో ముగిసిందో ఆ సంవత్సరం మొత్తానికి అది చెల్లుతుంది. మీది 2025 ఆగస్టులో ముగిసింది, అంటే 2026 మార్చి 31 వరకు ఇబ్బంది లేదు. ఆ తర్వాతి సంవత్సరానికి మాత్రం కొత్త సర్టిఫికెట్ ఉండి తీరాలి. పాతదాని మీద వేస్తే చెల్లదు. స్లాటు కోసం ఇప్పటి నుంచే ప్రయత్నం మొదలుపెట్టండి. మళ్లీ పరీక్షించినప్పుడు శాతం తగ్గే అవకాశం కూడా ఉంది. 80 నుంచి 70కి దిగితే 1,25,000 కాస్తా 75,000 అవుతుంది, 40 లోపుకు దిగితే ఏమీ రాదు. శాశ్వత సర్టిఫికెట్ ఉన్నవారికి ఈ బెడద లేదు.

ఫారం 10-ఐఏ అందరికీ కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యాలు కలిసి ఉన్నవి, ఈ మూడింటికే. న్యూరాలజీలో ఎండీ చేసిన డాక్టరు (పిల్లలకైతే పిల్లల న్యూరాలజిస్టు) గానీ, ప్రభుత్వ ఆసుపత్రి సివిల్ సర్జన్ లేదా ముఖ్య వైద్యాధికారి గానీ ధ్రువీకరించాలి. ఫారాన్ని ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో రిటర్ను కంటే ముందు వేయండి. షెడ్యూలు దాని రసీదు నంబరు, వేసిన తేదీ అడుగుతుంది. రిటర్ను కట్టేసి తర్వాత ఫారం వేద్దామనుకుంటే ఆ గడులు ఖాళీగా మిగిలిపోతాయి. మిగతా వైకల్యాలకు మెడికల్ బోర్డు సర్టిఫికెట్ చాలు.

ప్రశ్న: నా భార్యకు 70 శాతం వైకల్యం. ఆమె భద్రత కోసం ఆమె పేరున 20 లక్షలు బ్యాంకులో డిపాజిట్ చేశాను. ఏడాదికి 1,40,000 వడ్డీ వస్తోంది. ఆమెకు వేరే ఆదాయం లేదు కాబట్టి పన్ను పడదు కదా? వడ్డీ వస్తోంది కాబట్టి 80డీడీకి ఆమె ఆధారపడిన మనిషి కాకుండా పోతుందా? (విజయవాడ)

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు సులువు. ఆధారపడటం పోదు, ఆ డబ్బు మీరిచ్చిందే. మొదటి ప్రశ్నే మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. భార్యకో భర్తకో ఊరికే ఇచ్చిన సొమ్ము మీద వచ్చే ఆదాయం సెక్షన్ 64 ప్రకారం ఇచ్చినవారి ఆదాయంలోనే కలుస్తుంది. ఆ 1,40,000 మీ ఆదాయం, మీ శ్లాబులోనే పన్ను. ఆమెకు వైకల్యం ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

విచిత్రమేమిటంటే ఇదే చట్టం పిల్లల విషయంలో మినహాయింపు ఇచ్చింది. మైనరు బిడ్డ ఆదాయం మామూలుగా తల్లిదండ్రుల్లో ఎక్కువ సంపాదించేవారి ఆదాయంలో కలుస్తుంది. ఆ బిడ్డకు 80యూలో చెప్పిన వైకల్యం ఉంటే మాత్రం కలపరు, బిడ్డ ఆదాయంగానే ఉంటుంది. భార్యాభర్తలకు ఈ వెసులుబాటు ఎందుకివ్వలేదో గానీ, ఇవ్వలేదు. బిడ్డ పేరున ఇలా ఆదాయం ఉన్న తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక: బిడ్డ తరఫున రిటర్ను వేసి 80యూ చూపిస్తే తండ్రికో తల్లికో వచ్చే 80డీడీ పోతుంది. బిడ్డ ఆదాయం పన్ను గీత దాటనప్పుడు 80యూ జోలికి వెళ్లకండి.

మీ విషయానికొస్తే, కలిసే వడ్డీ మీరు డిపాజిట్ చేసిన అసలు మీద వచ్చేదే. ఆమె ఆ వడ్డీని తీసి వేరే డిపాజిట్ వేసుకుంటే, దాని మీద వచ్చే ఆదాయం ఆమెదే. వడ్డీ 50,000 దాటింది కాబట్టి బ్యాంకు ఆమె పాన్ మీద టీడీఎస్ కోస్తుంది. పన్ను కట్టేది మీరు, టీడీఎస్ కనిపించేది ఆమె ఖాతాలో. ఈ చిక్కు రాకుండా, ఈ ఆదాయం మీ చేతిలో పన్నుకు వస్తుందని బ్యాంకుకు ముందే డిక్లరేషన్ ఇప్పించండి. అప్పుడు టీడీఎస్ మీ పాన్ మీద జమ అవుతుంది.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. నా భార్యకు చూపు దాదాపు పోయింది. పార్ట్‌టైమ్ ఉద్యోగంలో ఏడాదికి 10,000 పౌండ్లు వస్తాయి. నాది 58,000. ఇక్కడ బ్లైండ్ పర్సన్స్ అలవెన్స్‌ను (చూపు లేనివారికి అదనంగా పన్ను పడకుండా వదిలే ఆదాయం) భర్తకు బదిలీ చేయొచ్చని విన్నాం. భారత్‌లో కూడా ఇద్దరికీ కొంత ఆదాయం ఉంది, అక్కడ 80డీడీ కూడా వేసుకోవచ్చా?

జవాబు: రెండోది ముందు తేల్చేద్దాం. 80యూ గానీ 80డీడీ గానీ భారత్‌లో నివాసిగా లెక్కకొచ్చే వారికే. ప్రవాసులుగా రిటర్ను వేసే మీకు వర్తించవు.

బ్రిటన్‌లో మాత్రం మీరు విన్నది నిజం. పై ప్రశ్నల్లో పాఠకులు అడిగిన బదిలీ అక్కడ నిజంగానే ఉంది. 2025-26 పన్ను సంవత్సరానికి ఈ అలవెన్స్ 3,130 పౌండ్లు, 2026-27కు 3,250. అందరికీ ఉండే 12,570 పర్సనల్ అలవెన్స్‌కు ఇది అదనం. ఆదాయం ఎంత ఉన్నా ఇస్తారు. ముందు ఆమె తన ఆదాయానికి ఎంత అవసరమో అంత వాడుకోవాలి, మిగిలిందే మీకొస్తుంది. ఆమె ఆదాయం 10,000 అంటే పర్సనల్ అలవెన్స్ కూడా పూర్తిగా ఖర్చు కాలేదు. కాబట్టి 3,130 మొత్తం మీకు బదిలీ అవుతుంది. మీ ఆదాయం 50,270 దాటి 40 శాతం పరిధిలో ఉంది కాబట్టి మిగిలే పన్ను 1,252 పౌండ్లు. ఒకవేళ ఆమె ఆదాయం 14,000 ఉంటే, 12,570 పైన ఉన్న 1,430 పౌండ్లకు తన బ్లైండ్ పర్సన్స్ అలవెన్స్ వాడుకోవాలి, మీకొచ్చేది 1,700.

దీన్ని మ్యారేజ్ అలవెన్స్‌తో కలిపేసి చెబుతుంటారు. అది వేరు. అందులో బదిలీ అయ్యేది 1,260 పౌండ్లే, పైగా అందుకునేవారు 40 శాతం పరిధిలో ఉంటే రాదు. అందుకే అది మీకు కుదరదు, ఇది కుదురుతుంది.

షరతులు: మీరు పెళ్లైన దంపతులో, సివిల్ పార్ట్‌నర్లో అయి, కలిసి ఉంటూ ఉండాలి. పెళ్లి లేకుండా కలిసి ఉండే జంటకు బదిలీ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆమె పేరు స్థానిక కౌన్సిల్ రిజిస్టర్‌లో ‘తీవ్ర దృష్టి లోపం’ వర్గంలో నమోదై ఉండాలి. అంతకు తక్కువ స్థాయి అయిన ‘దృష్టి లోపం’ వర్గంలో ఉంటే అలవెన్స్ రాదు. ఇక్కడే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. కంటి స్పెషలిస్టు ఇచ్చిన సర్టిఫికెట్ చేతిలో ఉంటుంది, అది ఏ వర్గమో చూసుకోరు, లేదా కౌన్సిల్‌లో నమోదు సంగతే మరిచిపోతారు. భారత్‌లో తీసుకున్న సర్టిఫికెట్ ఆ నమోదుకు బదులు కాదు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో ఈ రిజిస్టర్ షరతు లేదు. కంటిచూపు తప్పనిసరైన ఏ పనీ చేయలేరని డాక్టరు ధ్రువీకరించాలి.

నమోదు ఆలస్యమైతే కంగారు పడకండి. కంటి డాక్టరు సర్టిఫికెట్ ఏప్రిల్ 5 లోపు వచ్చి, కౌన్సిల్‌లో నమోదు ఆ తర్వాత జరిగినా, ముందటి పన్ను సంవత్సరానికి కూడా అలవెన్స్ అడగొచ్చు. ముందు ఆమె తన పేరున అలవెన్స్ క్లెయిమ్ చేయాలి, తర్వాత మిగులు బదిలీకి బ్రిటన్ పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీని ఫారం 575 అడగాలి. దాని మీద మిగులును ఇచ్చే మనిషి, అంటే ఆమె, సంతకం చేయాలి. వెనకటి నాలుగేళ్లకూ అడగొచ్చు. 2027 ఏప్రిల్ 5 లోగా అడిగితే 2022-23 వరకు వెనక్కి వెళ్తుంది. ఆ ఏళ్ల మొత్తాలు వరసగా 2,600, 2,870, 3,070, 3,130. ఆమెకు అప్పటికే నమోదు ఉండి, మీరు పట్టించుకోకపోయి ఉంటే మాత్రం ఇవి కలిపి చిన్న మొత్తం కాదు.

చిన్న ప్రశ్నలు, చిన్న జవాబులు

*అత్తగారికి 90 శాతం వైకల్యం, మా దగ్గరే ఉంటారు. నేను అల్లుణ్ని, 80డీడీ వేయొచ్చా?* వేయలేరు. భార్య లేదా భర్త, పిల్లలు, సొంత తల్లిదండ్రులు, సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఇంతవరకే. మీ భార్యకు ఆదాయం ఉండి తల్లిని ఆమె పోషిస్తుంటే ఆమె వేసుకోవచ్చు. ఉమ్మడి కుటుంబం పేరున రిటర్ను వేసేవారైతే కుటుంబ సభ్యులెవరికైనా వర్తిస్తుంది.

*పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్నాం, భాగస్వామికి 60 శాతం వైకల్యం.* పోషణ ఖర్చంతా మీదే అయినా 80డీడీ రాదు. ఆ వ్యక్తికి సొంత ఆదాయం ఉంటే 80యూ తానే తీసుకోవచ్చు.

*భార్యకు పార్కిన్సన్స్, వైకల్యం 45 శాతం. మందుల ఖర్చుకు 80డీడీబీ కూడా ఉందంటున్నారు, రెండూ వేయొచ్చా?* వేయొచ్చు. 80డీడీబీ నిర్దేశించిన జబ్బుల వైద్యానికి అయిన ఖర్చు మీద వచ్చేది. 40,000 వరకు, ఆమెకు 60 ఏళ్లు నిండితే లక్ష వరకు. 80డీడీలా గుండుగుత్త కాదు, నిజంగా అయిన ఖర్చే, అందులోంచి బీమా ఇచ్చింది తీసేయాలి. న్యూరాలజిస్టు రాసిన ప్రిస్క్రిప్షన్ ఉండాలి. ఇదీ పాత విధానంలోనే.

*నా ఆదాయంలో ఎక్కువ భాగం షేర్లు అమ్మిన లాభమే. 80డీడీ దాని మీద తగ్గుతుందా?* తగ్గదు. దీర్ఘకాలిక మూలధన లాభం మీద, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) కట్టిన షేర్ల స్వల్పకాలిక లాభం మీద ఈ మినహాయింపులు పనిచేయవు. మిగతా ఆదాయం ఎంత ఉంటే అంతవరకే. మిగిలిపోయింది వచ్చే ఏడాదికి పోదు.

*భార్య పేరున వైకల్య బీమా పథకంలో డబ్బు కడుతున్నాను. ఆమె నాకంటే ముందు పోతే?* కట్టిన సొమ్ము తిరిగి మీకే వస్తుంది, వచ్చిన ఏడాది అది మీ ఆదాయంగా పన్నుకు వస్తుంది. మొదట్లో ఈ పథకాల్లో మీ తదనంతరమే ఆమెకు డబ్బు అందాలన్న షరతు ఉండేది. 2022లో చట్టం మార్చారు. ఇప్పుడు మీకు 60 ఏళ్లు నిండి, పథకంలో కట్టడం ఆపేశాక, మీరు బతికుండగానే ఆమెకు పింఛనుగానో ఒకేసారో డబ్బు అందేలా తీసుకున్నా మినహాయింపు పోదు. పాలసీ తీసుకునే ముందు ఈ వీలు అందులో ఉందో లేదో షరతుల కాగితంలో చదువుకోండి.